నాలుగో గుండీ

"ముందు ఆ కాగితాలు తియ్యి నాన్నా. ఇది గుడ్డలు కత్తిరించే బల్ల, కోర్టు కాదు."

కూతురు ఆ మాట అని, జవాబు కోసం ఆగకుండా తనే వాటిని ఒక పక్కకి ఊడ్చేసింది. మూడు రోజులుగా టైలరు మాస్టారు పేపర్లలోంచి కత్తిరించి దాచిన ముక్కలవి. గుడ్డల కత్తెరతో కాగితం కోస్తే పదును పోతుందని ముప్ఫై ఏళ్ళుగా ఇంటిల్లిపాదినీ తిట్టిన మనిషి, ఆ కత్తెరతోనే వార్తలు కోశారు. వ్యవహారం ముదిరిందని ఇంట్లోవాళ్ళకి అప్పుడే అర్థమైంది.

ఆదివారం మధ్యాహ్నం. ఇంటి ముందుగదే దుకాణం. షట్టరు సగానికి దించి ఉంది. కుట్టుమిషన్లు రెండూ ముసుగు తన్ని పడుకున్నాయి. సాయంత్రం ఆరులోపల ట్రావెల్స్ వాళ్ళకి ఏదో ఒకటి చెప్పాలి. వెళ్తున్నామా, మానుకుంటున్నామా?

వెళ్ళాల్సింది యూరప్‌లో ఒక రేవు పట్నానికి, నాలుగే నాలుగు రోజులకి. అల్లుడు వంటమనిషిగా ఉన్న సరుకుల ఓడ అక్కడ మరమ్మతుకి ఆగింది. పద్నాలుగు నెలల తర్వాత అతనికి చిక్కిన సెలవు ఆ నాలుగు రోజులు. వీసాలొచ్చాయి, టిక్కెట్లొచ్చాయి. తీరా గురువారం సాయంత్రం ఆ పట్నంలోని పెద్ద రైల్వేస్టేషన్‌లో ఎవడో కత్తి దూశాడు. ఇద్దరు పోయారు. ఆ వార్త చూసింది మొదలు మాస్టారు "వద్దు" అన్న ఒక్క మాట పట్టుకుని కూర్చున్నారు.

"ఆ ఊళ్ళో ఎనిమిది లక్షల మంది ఉంటారు నాన్నా," అంది కూతురు. ఆవిడ బళ్ళో లెక్కల టీచరు. ఇంట్లో ఉన్నా వెనకాల నల్లబల్ల ఉన్నట్టే మాట్లాడుతుంది. "అందులో ఇద్దరు. ఎంత శాతమో చెప్పనా?"

"ఆ ఇద్దరి ఇళ్ళకీ వెళ్ళి చెప్పు."

"అదిగో, అలా మాట్లాడితే నేనేం చెప్పను? మన వీధి చివర మలుపులో క్రితం ఏడు లారీ గుద్ది ఒకాయన పోయాడు. మరి ఆ మలుపు దాటడం మానేశావా?"

మాస్టారు నిజానికి మానేశారు. నెలన్నరగా ఆ మలుపు దాటాల్సిన పని పడితే, బడి వెనక సందులోంచి చుట్టు తిరిగి వెళ్తున్నారు. ఆ సంగతి ఆయన చెప్పులకి తప్ప ఎవరికీ తెలియదు.

"ఇదిగో, విదేశాంగ శాఖ వాళ్ళు రాసింది," అంటూ కూతురు ఫోను ముందుకి పెట్టింది. "వెళ్ళొద్దని ఎక్కడైనా ఉందా? లేదు. రద్దీగా ఉండే చోట్ల అప్రమత్తంగా ఉండమన్నారు, అంతే."

"అప్రమత్తంగా అంటే?"

"అంటే ఏముంది, చుట్టుపక్కల చూసుకుంటూ నడవమని."

మాస్టారి వేళ్ళు మెడలో వేలాడే టేపు మీద ఆగిపోయాయి. చుట్టూ, పక్కలా. సరిగ్గా ఆ రెండూ తప్ప మిగిలినవన్నీ చూడగలరు ఆయన.

*

నెలన్నర క్రితం ఒకరోజు అస్తరు గుడ్డ తెస్తానని ఇంట్లో చెప్పి, మాస్టారు కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళారు. తోడు ఎవర్నీ తీసుకెళ్ళలేదు. అక్కడ తెల్లటి గిన్నెలాంటి యంత్రంలో ముఖం పెట్టమన్నారు. వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా మీట నొక్కమన్నారు. చాలాసేపు ఏ చుక్కా రాలేదు. "అమ్మాయ్, ఇది పనిచేస్తోందా?" అని అడిగారు కూడా. నర్సు ఏదో రాసుకుంది.

తర్వాత డాక్టరు ఒక కాగితం తిప్పి చూపించాడు. అంచులన్నీ నలుపు. నడిమధ్యన ఒక చొక్కా కాజా అంత తెలుపు.

నీటికాసులట, అంటే గ్లకోమా. పోయిన చూపు రాదు, ఉన్నదాన్ని నిలబెట్టుకోవాలి. రెండు పూటలా చుక్కలమందు వేసుకోవాలి. ఆ సీసాని మాస్టారు సుద్దముక్కల డబ్బా వెనక దాచారు.

ఎవరికీ అనుమానం రాకపోవడానికి కారణం సూది. ఇప్పటికీ ఆయన ఒక్క దెబ్బకి దారం ఎక్కిస్తారు. ఎదురుగా ఉన్నది నూలుపోగుతో సహా కనిపిస్తుంది. దానికి బెత్తెడు అటూ ఇటూ లోకమే లేదు. మొన్న మందుల షాపాయన పక్కనుంచి పలకరిస్తే ఈయన చూడకుండా వెళ్ళిపోయారు. "యూరప్ వెళ్ళకముందే మాస్టారికి కళ్ళు నెత్తికెక్కాయి" అని ఆయన నలుగురి దగ్గరా అన్నాడట. ఆ మాట మాస్టారి చెవిన పడింది. నవ్వాలో ఏడవాలో తెలియక, ఆ రోజంతా ఒకే ప్యాంటు అంచు మూడుసార్లు విప్పి కుట్టారు.

చెబితే ఏమవుతుంది? ఎవరూ కసురుకోరు. అందరూ మంచిగానే ఉంటారు. కానీ ఆ క్షణం నుంచి ఆయన మాస్టారు కాదు, చెయ్యి పట్టుకుని నడిపించాల్సిన మనిషి.

అందుకే గురువారం నాటి వార్త చూసినప్పుడు ఆయనకి ముందు కలిగింది భయం కాదు, ఊరట. ముక్కూ మొహం తెలియని ఇద్దరు పోయారు. తనకేమో ఒక సాకు దొరికింది. ఆ ఊరటకి సిగ్గేసి ఆ పూట ముద్ద దిగలేదు. ఇంట్లోవాళ్ళు దాన్నీ భయమనే అనుకున్నారు.

*

"అమ్మా, నువ్వైనా చెప్పవేం?" అని కూతురు తల్లివైపు తిరిగింది.

మాస్టారి భార్య గుమ్మం పక్కన పీట మీద కూర్చుని ఎవరిదో చొక్కాకి కాజాలు కుడుతోంది. దుకాణం పెట్టిన మొదటి ఏడు నుంచీ కాజాలూ గుండీలూ ఆవిడవే. పంటితో దారం పుటుక్కున తెంపి, "నన్నెందుకు లాగుతావు మధ్యలోకి," అంది.

"నీకు వెళ్ళాలని లేదా?"

"ఉంది."

"మరి?"

"మీ నాన్న కోటుకి ఇంకా గుండీలే పెట్టలేదు," అందావిడ, మళ్ళీ సూదిలో దారం ఎక్కించుకుంటూ.

ముగ్గురూ గోడవైపు చూశారు. చలి ఊరని మాస్టారే నలుగురికీ కోట్లు కుట్టారు. భార్యకి గోధుమరంగు, కూతురికి బూడిదరంగు, మనవరాలికి ఎర్రటిది. మూడూ ఇస్త్రీ అయి వరసగా వేలాడుతున్నాయి. నాలుగోది ఇంకా కచ్చాకుట్టు మీదే ఉంది. తెల్లదారం పైకే కనిపిస్తోంది. నెలన్నరగా అది అలాగే ఉంది.

"ముందు నుంచీ నీకు ఇష్టంలేదన్నమాట," అంది కూతురు నెమ్మదిగా. "కత్తిపోట్లు, పేపర్లు, అన్నీ వంక. అవునా నాన్నా?"

"నీకు బుర్రలేదు. ఆ ట్రాములు చప్పుడే చెయ్యవట. పక్కనుంచి వచ్చేస్తాయట."

"ట్రాములా? ఇప్పుడు ట్రాముల మీద పడ్డావా?"

"మెట్లు. స్టేషన్లో నేల కిందకి మెట్లట, మూడంతస్తులు. జనం మీద జనం. ఒకళ్ళు తప్పిపోతే?"

"తప్పిపోవడానికి ఎవరున్నారు చంటిపిల్లలు? మనందరం ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళం పట్టుకుంటాం."

మాస్టారు ఆ చివరి మాటకి ఉలిక్కిపడ్డారు. కూతురు అది గమనించలేదు. ఆవిడ అప్పటికే కాలు కాలిన పిల్లిలా షట్టరుకీ బల్లకీ మధ్య తిరుగుతోంది.

"సరే. అంత భయమైతే నువ్వు ఉండిపో. మేం ముగ్గురం వెళ్తాం."

అనేసి ఆగింది.

ఆ మాట కోసం మాస్టారు మూడు రోజులుగా ఎదురుచూస్తున్నారు. 'వెళ్ళండమ్మా, నేను దుకాణం చూసుకుంటాను' అంటే సరిపోయేది. కానీ ప్రమాదమని తనే ఊదరగొట్టిన ఊరికి పెళ్ళాన్నీ పిల్లల్నీ ఎలా పంపిస్తారు? పంపితే, అదంతా బూటకమని ఒప్పుకున్నట్టే. ఇంకో సంగతీ ఉంది, అది మరీ సిగ్గుచేటు. నాలుగు రోజులు ఈ ఇంట్లో ఒక్కడే ఉండాలంటే ఆయనకి భయం. వెళ్ళాలన్నా భయమే, ఉండిపోవాలన్నా భయమే. యాభై తొమ్మిదేళ్ళ మనిషికి నిలబడడానికి జానెడు చోటు లేకుండా పోయింది.

"ఆయన్ని వదిలి నేను రాను," అంది భార్య తల ఎత్తకుండా.

"సరిపోయింది! నువ్వూ మొదలుపెట్టు. అక్కడ మీ అల్లుడు, మామయ్యా అత్తయ్యా వస్తున్నారని కెప్టెన్ కాళ్ళావేళ్ళా పడి ఓడ చూపించడానికి అనుమతి తీసుకున్నాడు తెలుసా?" కూతురు గోడమీది ఎర్రకోటుని చేత్తో తడిమింది. "పద్నాలుగు నెలలమ్మా. పిల్ల రెండు అంగుళాల ఎత్తు పెరిగింది. ఆయనకి ఫోనులో మొహమే తప్ప ఎత్తు కనిపించదు."



*

అప్పుడు వచ్చింది బాబిన్. పదకొండేళ్ళ మనవరాలు. మిషన్లో దారం చుట్టిన బాబిన్ తిరిగినట్టు ఒక్కచోట నిలవదని తాతే ఆ పేరు పెట్టారు. నిలవకపోవడమే కాదు, దాని మాటల దారానికి కొస దొరకదు. ఎర్రకోటు హ్యాంగరు మీంచి లాగి, అప్పుడే తొడుక్కుని, చక్రాల పెట్టె లాక్కుంటూ వచ్చి బల్ల ముందు బ్రేకు వేసింది.

"అయిందా కొట్లాట? ఎవరు గెలిచారు? నాన్నకి ఇప్పుడే చెప్పాలి, అక్కడ సాయంత్రం చీకటిపడక ముందే పడవలు కట్టేస్తారట, మనం మొదటిరోజే ఎక్కాలట, తాతయ్యా నువ్వు కిటికీ పక్క కూర్చో, నీకు గాలి కావాలిగా..."

"ఊపిరి తీసుకోవే," అంది అమ్మమ్మ.

మాస్టారు దాని ఎర్రకోటు వైపు చూశారు. కాలరు బాగా కూర్చుంది. కాలరు తప్ప మిగతా పిల్లని చూడాలంటే తల కిందకీ పైకీ ఆడించాలి. ఆడించలేదు.

పోయిన వారం దాన్ని తీసుకుని పుస్తకాల అట్టలకి బజారుకి వెళ్ళారు. రోడ్డు దాటేచోట దాని చెయ్యి జారింది. ఒక్క క్షణం. "బాబిన్! బాబిన్!" అని ఆయన అరిచిన అరుపుకి కూరల బళ్ళవాళ్ళు కూడా ఆగి చూశారు. "ఇక్కడే ఉన్నాగా తాతయ్యా!" అంది పిల్ల, ఆయన మోచేతి పక్కనుంచే. తాత ఆటపట్టిస్తున్నాడనుకుని విరగబడి నవ్వింది. ఆయనా నవ్వారు.

ఆ బజారు ఆయనకి ముప్ఫై ఏళ్ళుగా తెలుసు. అక్కడే అలాగైతే, నోరు తిరగని వీధిపేర్ల ఊళ్ళో, మూడంతస్తుల మెట్ల మీద, ఆ చెయ్యి జారితే?

"డబ్బా తియ్యండి," అంది కూతురు ఉన్నట్టుండి. "ఇంక వాదించే ఓపిక లేదు నాకు. గుండీలు వేద్దాం."

*

ఆ ఇంట్లో ఏ పెద్ద ప్రయాణమైనా గుండీలతోనే తేలుతుంది. మాస్టారే పెట్టిన పద్ధతి అది. పాత దారాల డబ్బా మూతకి ఒక చీలిక ఉంటుంది. ఒక్కొక్కరికీ ఒక తెల్ల గుండీ, ఒక నల్ల గుండీ ఇస్తారు. రెండూ ఒకే సైజు, రాల్చితే ఒకే చప్పుడు. కొలతలు తీసే తెర వెనక్కి వెళ్ళి, ఒకటి డబ్బాలో వేసి, మిగిలింది అక్కడున్న గాజుసీసాలో పడేసి రావాలి. తెలుపంటే సరే. నలుపంటే వద్దు. ఇంటి పెద్దగా మాస్టారు డబ్బా బోర్లించి పైకి లెక్కపెడతారు. ఒక్క నల్లది పడినా ప్రయాణం ఆగినట్టే. ఎవరు వేశారని ఎవరూ అడగకూడదు.

ఎప్పుడో కూతురి చిన్నప్పుడు కొండమీది విహారయాత్ర ఒకటి అలాగే ఆగిపోయింది. అది వేసిందెవరో ఈ రోజుకీ తెలియదు. మాస్టారికి భార్య మీద అనుమానం. భార్యకి మాస్టారి మీద. కూతురు ఆ ప్రస్తావన వస్తే చాలు, నీళ్ళు తాగడానికి లేచిపోతుంది.

ముందు కూతురు వెళ్ళింది. వెళ్ళినంత వేగంగా వచ్చింది. తర్వాత బాబిన్ వెళ్ళి, "వేశాను, ఏదో చెప్పను, కానీ తెల్లది" అంటూ వచ్చి అమ్మ చేత మొట్టికాయ తింది. భార్య తీరిగ్గా లేచి, చొక్కా మడిచి, వెళ్ళొచ్చింది. ఆవిడ ముఖంలో ఏమీ లేదు.

చివర మాస్టారు తెర వెనక్కి వెళ్ళారు.

అక్కడ నిలువుటద్దం ఉంది. ఎన్ని వందలమందిని దాని ముందు నిలబెట్టి భుజాలు కొలిచారో! ఇప్పుడు అందులో ఆయనకి తన ముక్కూ కళ్ళూ మాత్రమే కనిపించాయి. భుజాలు కావాలంటే వెతుక్కోవాలి. అరచేతిలో రెండు గుండీలున్నాయి. తెల్లదాన్ని చీలిక దాకా తీసుకెళ్ళారు. రెండు అంగుళాల ఎత్తు. ఫోనులో కనిపించని ఎత్తు. ఎంత చిన్న కోరిక అది! తండ్రి ముందు ఒకసారి నిలబడాలని, అంతేగా పిల్ల కోరేది.

వేలు సడలబోయింది. బజారులో తన అరుపు గుర్తొచ్చింది.

తెల్లది సీసాలో పడింది. నల్లది డబ్బాలో పడింది. నిజంగానే రెండూ ఒకే చప్పుడు చేశాయి.

*

"నేను చూడను బాబూ," అని కూతురు వీపు తిప్పి, సగం దించిన షట్టరు కిందనుంచి వీధిలోకి చూస్తూ నిలబడింది. బాబిన్ ఎత్తు స్టూలు ఎక్కి కూర్చుంది. భార్య బల్లకి ఇవతల, మాస్టారి ఎడమపక్కన నిలబడింది.

మాస్టారు డబ్బా బోర్లించారు. గుండీలు టకటకమని రాలి, ఒకటో రెండో దొర్లి, ఆగాయి.

"ఒకటి," అన్నారు. తెల్లది. "రెండు." తెల్లది. "మూడు."

మూడోదీ తెల్లదే. ఇక మిగిలింది తనది. దాన్ని చూసి, గొంతు సవరించుకుని, ముఖం గంభీరంగా పెట్టి, "నలుపు" అనాలి. అంతే పని. మూడు రోజుల రభస తీరిపోతుంది.

నాలుగోది లేదు.

డాక్టరు చెప్పినట్టు తల నెమ్మదిగా కుడికి తిప్పారు. టేపు, సుద్ద, కత్తెర పిడి. మళ్ళీ మధ్యకి. మూడు తెల్ల గుండీలు. డబ్బాలోకి తొంగిచూశారు. ఖాళీ. కిందపడిందా? పడితే చప్పుడు వినిపించాలే! కుడి అరచెయ్యి బల్ల మీద ఆన్చి ఇంకోసారి వెతికారు. ఆ కంగారులో ఎడమకి తిరగాలన్న ఊహే రాలేదు.

గది నిశ్శబ్దంగా ఉంది. ఎవరో ఏదో చూస్తున్నప్పుడు ఉండే నిశ్శబ్దం అది. తనకి తప్ప అందరికీ కనిపిస్తున్నదేదో ఆ బల్ల మీద ఉంది. తన సొంత బల్ల మీద, తను వేసిందే.

"తాతయ్యా, అదిగో నీ..." అని మొదలుపెట్టింది బాబిన్. అంతలోనే ఆగిపోయింది. అమ్మమ్మ దానివైపు ఎలా చూసిందో ఏమో!

ఎడమచేతి దగ్గర, చిటికెనవేలికి తగిలీ తగలనంత దూరంలో, బల్ల చెక్క మీద గోరు గీసిన చిన్న చప్పుడు వినిపించింది మాస్టారికి.

"నాలుగు," అంది భార్య. "నాలుగూ తెలుపే."

కూతురు గిర్రున తిరిగింది. "నిజంగా? నాన్నా! నాన్నా, నువ్వూ తెల్లదే వేశావా?" వచ్చి ఆయన భుజం మీద తల ఆనించి, వెంటనే సిగ్గుపడి, కళ్ళు తుడుచుకుంది. "అనవసరంగా ఎన్ని మాటలన్నాను నిన్ను. పదవే, మీ నాన్నకి చెబుదాం, తర్వాత ట్రావెల్స్ వాళ్ళకి."

బాబిన్‌ని స్టూలు మీంచి దింపి లోపలికి లాక్కెళ్ళింది. వెళ్తూ వెళ్తూ ఆ పిల్ల రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

*

"ఏదీ, చెయ్యి తెరువు," అన్నారు మాస్టారు.

"ఎక్కణ్ణుంచి తీశానో చెప్పండి, తెరుస్తాను."

మాస్టారు బల్ల అంచు పట్టుకుని నిలబడ్డారు.

"ఎప్పటి నుంచి తెలుసు నీకు?"

"ఇస్త్రీ దగ్గర స్టూలుంటుందే, దాన్ని రెండుసార్లు తన్నుకున్నారు. మూడోసారి మీరు రాకముందే జరిపాను. అప్పటి నుంచి రోజూ జరుపుతున్నాను."

ఈ మధ్య స్టూలు అడ్డురావడం లేదని, దారి తనకి బాగానే అలవాటైందని మురిసిపోయారు ఆయన. ఆ మురిపెం గుర్తొచ్చి ముఖం వేడెక్కింది.

"అడగొచ్చుగా."

"చెప్పొచ్చుగా." పిడికిలి బల్లకి ఆనిన చప్పుడైంది. "సుద్దడబ్బా వెనక సీసా చూశాను. ఇవాళ చెబుతారు, రేపు చెబుతారు అని చూశాను. పక్కనే కూర్చుని ఎన్ని కాజాలు కుట్టానో! ఒక్కసారైనా ఇటు తిరిగి, ఒసేయ్ నాకిలా ఉందే అంటారేమోనని."

మాస్టారు ఆ గొంతు వచ్చిన వైపు తిరగబోయారు.

"తిరక్కండి. అలాగే చూడండి ఎదరకి. ఇక్కడుంటే కనిపిస్తున్నానా?"

"లేదు."

రెండడుగుల చప్పుడు. "ఇక్కడ?"

"లేదే."

ఇంకో అడుగు. "ఇప్పుడు?"

"ఊహూఁ."

ఆవిడ బల్ల చుట్టూ తిరిగి వచ్చి సరిగ్గా ఆయనకి ఎదురుగా నిలబడింది. కళ్ళనిండా నీళ్ళున్నాయి. నెరిసిన వెంట్రుక ఒకటి నుదుటికి అతుక్కుని ఉంది. అంత స్పష్టంగా ఆవిడ ముఖం చూసి ఎన్నాళ్ళయిందో మాస్టారికి గుర్తులేదు.

"ఇప్పుడు కనిపిస్తున్నావు," అన్నారు.

లోపలి గదిలోంచి కూతురి నవ్వు వినిపిస్తోంది. అంత పెద్దగా నవ్వి ఆ అమ్మాయికి ఏడాది దాటింది.

"ఆ ఊరికేం కాలేదే," అన్నారు మాస్టారు చివరికి. "కత్తివాడు నా భయం కాదు. నాతో వచ్చేవాళ్ళ గురించే నా భయం. పిల్ల నా పక్కనే నడుస్తుంటుంది, నాకు తెలీదు. చెయ్యి జారినా తెలీదు. అందుకే వేశాను నల్లది. నువ్వు అబద్ధం ఎందుకాడావు?"

"కోపమొచ్చింది. గుండీ మీ చేతిపక్కనే ఉంది. మీరేమో ఊరంతా వెతుకుతున్నారు. చూడలేకపోయాను. నోటికొచ్చింది అనేశాను." పిడికిలి అలాగే మూసి ఉంది. "ఇంకా ఆరు కాలేదు. ఇది మళ్ళీ బల్ల మీద పెట్టమంటే పెడతాను. ఒక్క నల్లది చాలు, ప్రయాణం ఆగిపోతుంది. కానీ ఎందుకేశారో అమ్మాయికి మీరే చెప్పుకోవాలి. నేను చెప్పను."

"చెప్పకుండా వెళ్తే?"

"చెప్పకుండా వెళ్తే నిజంగానే ప్రమాదం."

"చెబితే ఇంక నేనేముంటాను?"

ఆవిడ జవాబు చెప్పేలోపే లోపల్నుంచి పరుగు వినిపించింది. బాబిన్ చేతిలో ఫోనుతో దూసుకొచ్చి తాత ఎడమపక్కన ఆగింది.

"తాతయ్యా, నాన్న! నాన్న లైన్లో ఉన్నాడు, చూడు, మొహం కనిపిస్తోంది. నువ్వూ వస్తున్నావంటే నమ్మడం లేదు!"

మాస్టారు నవ్వు ముఖంతో, లోపలి గుమ్మం ఉన్న కుడివైపుకి తిరిగారు.

"ఇటు తాతయ్యా."

కంగారులో ఇంకొంచెం కుడికే తిరిగారు. అక్కడ గోడ, గోడమీద గుండీలు లేని కోటు.

బాబిన్ ఫోను పట్టుకున్న చెయ్యి మెల్లగా కిందికి దిగింది. అది అమ్మమ్మ వైపు చూసింది. అమ్మమ్మ పిడికిలి వైపు చూసింది. ఆ పిల్ల నోట్లో మాటలన్నీ అయిపోయాయి.

"మామయ్యా!" అన్నాడు అల్లుడు, ఫోను లోపల్నుంచి, సముద్రాల అవతలి నుంచి. "వినిపిస్తోందా? నిజంగానే వస్తున్నారా?"

మాస్టారి భార్య చెయ్యి చాపి, పిడికిలి తెరిచి, నల్ల గుండీని తెచ్చి ఆయన కళ్ళకి సరిగ్గా ఎదురుగా బల్ల మీద పెట్టి, "ఇక మీరే చెప్పండి," అంది.

ఈసారి ఆయనకది స్పష్టంగా కనిపించింది.